కేటగిరీ ఎప్పుడు మారాలి? అమెరికాలో సైక్లోక్రాస్ మొదలుపెట్టిన మనవాళ్ల కోసం

సెప్టెంబర్‌లో ఎండ తగ్గుముఖం పట్టగానే అమెరికా పార్కుల్లో సైక్లోక్రాస్ సీజన్ మొదలవుతుంది. గడ్డి, బురద, ఇసుక, మెట్లు, అడ్డంగా నిలబెట్టిన చెక్క పలకలు ఉన్న రెండు మూడు కిలోమీటర్ల చుట్టు మీద అరగంట నుంచి గంట దాకా ఆగకుండా తొక్కాలి, అవసరమైన చోట సైకిల్‌ను భుజానికెత్తుకుని పరిగెత్తాలి. చాలా స్థానిక రేసుల్లో మామూలు మౌంటెన్ బైక్‌తోనూ దిగనిస్తారు కాబట్టి కొత్తగా వచ్చినవాళ్లకు ఇది అందుబాటులో ఉన్న ఆట. మొదటి సీజన్ కాస్త బాగా గడిచాక ఒక ప్రశ్న తప్పకుండా ఎదురవుతుంది: ఉన్న కేటగిరీలోనే ఉండాలా, పైదానికి వెళ్లాలా?

పాసైతే పై తరగతి, తప్పితే మళ్లీ అదే తరగతి అన్న లెక్కలో పెరిగినవాళ్లం మనం. ఆ లెక్క ఇక్కడికి తెచ్చుకుంటే అనవసరంగా తొందరపడతాం, లేదా అనవసరంగా భయపడతాం. ఈ ఆదివారం మీరు ఎవరెవరితో పోటీ పడాలో చెప్పడానికే కేటగిరీ పెట్టారు. చివరి ల్యాప్‌లో కూడా అందుకోవడానికి ముందొకరు, దొరక్కుండా ఉండడానికి వెనకొకరు ఎక్కడుంటారో అదే మీకు సరైన కేటగిరీ. కింద చెప్పినవన్నీ అలాంటి చోటు వెతుక్కోవడానికే.

ముందు ఏర్పాటు తెలుసుకోండి

ఎక్కువ రాష్ట్రాల్లో రేసులు జాతీయ సంఘమైన యూఎస్ఏ సైక్లింగ్ అనుమతితో జరుగుతాయి. కొత్తవాళ్లు 5వ కేటగిరీలో మొదలుపెడతారు. అంకె తగ్గేకొద్దీ స్థాయి పెరుగుతుంది, 1 అన్నిటికన్నా పైది. రోడ్డు రేసులకు, మౌంటెన్ బైక్‌కు, సైక్లోక్రాస్‌కు కేటగిరీలు విడివిడిగా ఉంటాయి. రోడ్డు మీద 2లో ఉన్నవాళ్లు క్రాస్‌లో 5 దగ్గర ఆగాల్సిన పనిలేదు, ఆ అనుభవం చూపించి తగిన కేటగిరీ అడగవచ్చు. ఒరెగాన్‌లో చాలా రేసులు అక్కడి సొంత సంఘమైన ఒరెగాన్ బైసికిల్ రేసింగ్ అసోసియేషన్ కింద జరుగుతాయి కాబట్టి పోర్ట్‌లాండ్ వైపు ఉన్నవాళ్లు ఆ సంఘం నియమాలు చూసుకోవాలి. బ్రిటన్‌లో స్థానిక లీగులు వయసును బట్టి నడుస్తాయి. సీనియర్, 40 దాటినవారు, 50 దాటినవారు అని విడదీస్తారు కాబట్టి అక్కడున్న మనవాళ్లకు ఈ ప్రశ్నే రాదు.

లైసెన్స్ మీద ఉన్న అంకె ఒకటి, మైదానంలో జరిగే రేసు ఒకటి. చాలాచోట్ల 4, 5 కేటగిరీలను, లేదా 3, 4 కేటగిరీలను కలిపి ఒకే రేసుగా నడుపుతారు. మీ ప్రాంతంలో 4, 5 కలిసే ఉంటే 5 నుంచి 4కు మారినా అదే గుంపు, అదే సమయం. కాబట్టి ముందుగా మీ చుట్టుపక్కల రేసుల షెడ్యూలు తీసి, నిజంగా ఏ మెట్టు దగ్గర గుంపు మారుతోందో చూడండి. ఎక్కువమందికి అది 4 నుంచి 3కు వెళ్లేటప్పుడు వస్తుంది. 5 నుంచి 4కు వెళ్లడం తేలిక. ఆ పైన మాత్రం ఎంతమందిలో ఎన్నో స్థానంలో వచ్చారన్నది లెక్కలోకి వస్తుంది. పాయింట్ల పట్టిక యూఎస్ఏ సైక్లింగ్ నియమావళిలో ఉంటుంది. సీజన్‌కోసారి మారే అవకాశముంది కాబట్టి ఆ ఏడాదిదే చూడండి.

చూసుకోవాల్సిన నాలుగు సంగతులు

మొదటిది స్థానం. అయితే దాన్ని గుంపు పరిమాణంతో కలిపి చూడాలి. ఆరుగురిలో మూడో స్థానం కంటే అరవై మందిలో పన్నెండో స్థానం ఎక్కువ చెబుతుంది. వరసగా కొన్ని రేసుల్లో పై పాతిక శాతంలో వస్తున్నారంటే ఆలోచించే సమయం వచ్చినట్టే. ఆ రేసులన్నీ ఒకే రకం కోర్సు మీద జరిగి ఉండకూడదు. ఎండిన గడ్డి మైదానం కాళ్లలో బలమున్నవారికి కలిసొస్తుంది, బురద చేయి తిరిగినవారికి కలిసొస్తుంది. రోడ్ ఐలాండ్‌లో వారిక్ దగ్గర గాడర్డ్ పార్క్ లాంటి చోట సముద్రపు ఒడ్డు ఇసుక అందరి లెక్కలూ తారుమారు చేస్తుంది. పొడిలోనూ తడిలోనూ మీ స్థానం నిలబడుతోందా అన్నది అసలు పరీక్ష.

రెండోది ల్యాప్ సమయం. టైమింగ్ చిప్ వాడే రేసుల్లో ప్రతి ల్యాప్ సమయమూ ఫలితాల్లో ఉంటుంది. అదే రోజు, అదే కోర్సు మీద పై కేటగిరీలో మధ్యలో ముగించినవారి సగటు తీసి మీ సగటుతో పోల్చండి. ఉదయం మంచు తడి మీద మీరు తొక్కి, మధ్యాహ్నం ఆరిన నేల మీద వాళ్లు తొక్కి ఉంటే ఆ తేడాను లెక్కలోంచి తీసేయండి. ఆ తర్వాత మీ మొదటి ల్యాప్‌కూ చివరి ల్యాప్‌కూ మధ్య ఎంత తేడా ఉందో చూడండి. 7 నిమిషాలతో మొదలుపెట్టి 7 నిమిషాల 20 సెకన్లతో ముగిస్తే మీరు సిద్ధంగా ఉన్నట్టు. అదే 8 నిమిషాలు దాటుతుంటే కేటగిరీ మారేముందు శ్రమను పంచుకోవడం నేర్చుకోవాలి. క్రాస్‌రిజల్ట్స్ అనే సైట్ మీరు ఎవరిని దాటారు, ఎవరి వెనక ముగించారు అన్నదాన్ని బట్టి పాయింట్లు ఇస్తుంది. అక్కడ పాయింట్లు తగ్గేకొద్దీ మేలు. రేపటి రేసులో 3వ కేటగిరీ జాబితాలో మీ పాయింట్లు ఎక్కడ కూర్చుంటాయో అందులో ముందే చూసుకోవచ్చు.

మూడోది ఒడుపు. పరుగులోనే సైకిల్ దిగి, పలకలు దాటి, మళ్లీ జీనెక్కడం ఒంటరిగా ఉన్నప్పుడు బాగానే వస్తుంది. పక్కన ఇద్దరు మోచేతులు తగిలిస్తూ వస్తున్నప్పుడు కూడా రావాలి. పక్కకు వాలిన గడ్డి వాలు మీద జారకుండా నడపడం, ముందువాడి చక్రం వెనకే ఉంటూ మలుపు తిరగడం, అతను పడితే గుద్దకుండా తప్పుకోవడం కూడా ఇందులోకే వస్తాయి. ఒక్కో మలుపులో ఒక్క సెకను పోయినా, ల్యాప్‌కు 20 మలుపులు, మొత్తం 6 ల్యాపులు అనుకుంటే రెండు నిమిషాలు పోయినట్టే. 5లో రెండు నిమిషాలకు నాలుగు స్థానాలు పోవచ్చు, 3లో సగం గుంపు మిమ్మల్ని దాటిపోవచ్చు.

నాలుగోది నిడివి. కింది కేటగిరీల రేసులు సాధారణంగా అరగంట నుంచి 40 నిమిషాలు నడుస్తాయి, పైన అది గంట దగ్గరకు చేరుతుంది. పెరిగే ప్రతి నిమిషమూ మీ ఒళ్లు అలసిపోయాక వచ్చేదే. వారంలో ఒక రోజైనా అంతసేపు గట్టిగా తొక్కే సాధన చేయగలుగుతున్నారో లేదో చూసుకోండి.

సీజన్ మధ్యలోనా, అయ్యాకా?

సిరీస్‌లో ఆడుతుంటే ఎప్పుడు మారాలన్నది పెద్ద విషయం. సైక్లోక్రాస్‌లో రేసు మొదలయ్యే వరసల్లో (గ్రిడ్‌లో) ఎక్కడ నిలబడతారన్నది చాలా ముఖ్యం, ఎందుకంటే విజిల్ మోగిన నిమిషంలోపే దారి సన్నబడి గుంపు ఒకే వరసలోకి వస్తుంది. మీరు కూడబెట్టిన సిరీస్ పాయింట్లను బట్టి ముందు వరసలోకి పిలుస్తారు. మధ్యలో మారితే మామూలుగా ఆ పాయింట్లు వెంట రావు, కొత్త గుంపులో చివరి వరసలో నిలబడాలి.

పెద్ద గుంపులో ఒకటికి రెండుసార్లు ఒంటరిగా ముందు వెళ్లి గెలిచి ఉంటే ఈ నష్టాన్ని పట్టించుకోకుండా వెంటనే మారండి. అంత స్పష్టంగా లేకపోతే సీజన్ పూర్తిచేసి, వచ్చే సెప్టెంబర్ మొదటి రేసుకు కొత్త కేటగిరీలో దిగండి. అందరి పాయింట్లూ సున్నా నుంచి మొదలయ్యే రోజది.

తేల్చుకోలేకపోతే ఇంకో దారి ఉంది. చాలా రేసుల్లో ఒకే రోజు రెండుసార్లు దిగవచ్చు. ఉదయం మీ కేటగిరీ తొక్కి, తర్వాత ఒకే గేరు సైకిళ్ల సింగిల్‌స్పీడ్ రేసులోనో, వయసు సరిపోతే 35 దాటినవారి రేసులోనో దిగండి. వాటిలో 2, 3 కేటగిరీలవాళ్లు కూడా ఉంటారు. అప్పటికే అలిసిన కాళ్లతో సగంలోపు ముగిస్తే మీ సందేహం తీరినట్టే.

ఉండిపోవడం, తొందరపడడం

గెలవగలిగిన కేటగిరీలోనే ఏళ్ల తరబడి ఉండిపోయేవాళ్లను ఇక్కడ శాండ్‌బ్యాగర్ అంటారు. ఆ పేరు రాకుండా చూసుకోండి. పోడియం ఫొటో ఇంటికి పంపితే అమ్మానాన్న మురిసిపోతారు, ఆ సంతోషం నిజమైనదే. అయితే మీరు ఆ మెట్టు మీద నిలబడిన ప్రతిసారీ, మొదటిసారి అక్కడ నిలబడాల్సిన కొత్తవాళ్లెవరో కింద ఉండిపోతారు. ఫలితాలు మరీ స్పష్టంగా ఉంటే మీరు అడగకపోయినా మిమ్మల్ని పైకి మార్చే అధికారం నిర్వాహక సంస్థకు ఉంది.

తొందరపడినా నష్టమే. మరీ ముందుగా వెళితే రెండో ల్యాప్‌ నుంచే ఒంటరిగా తొక్కాల్సి వస్తుంది. ఎవరినీ దాటే అవకాశం లేక, ఎవరినీ కాచుకునే అవసరం లేక, రేసు నడపడమే నేర్చుకోలేరు. అంతర్జాతీయ స్థాయి ఎలీట్ రేసుల్లో అయితే మొదటివాడి ల్యాప్ సమయంలో 80 శాతం వెనకబడినవారిని కోర్సు మీద నుంచి దించేస్తారు. పై కేటగిరీలో చివరి మూడో వంతులో ముగించినా తప్పులేదు, అక్కడ మీ చుట్టూ మనుషులుంటే చాలు.

వయసు, మహిళలు

35 దాటినవారికి మాస్టర్స్ రేసులు వేరే ఉంటాయి. రేసింగ్ వయసును సీజన్ ముగిసే ఏడాది డిసెంబర్ 31 నాటికి లెక్కిస్తారు, అంటే వచ్చే ఏడాది 35 నిండేవాళ్లు ఈ అక్టోబర్‌లోనే ఆ రేసుకు అర్హులు. కేటగిరీ గొడవ లేకుండా సాటి వయసువాళ్లతో పోటీ పడాలనుకునేవారికి ఇది మంచి చోటు. అయితే అందులో ముందుండేవాళ్లు పాత ఎలీట్లు కూడా కావచ్చు, తేలిక రేసు అనుకోవద్దు.

మహిళల రేసుల్లో గుంపులు చిన్నవి కావడం వల్ల స్థానాల లెక్క అంతగా పనికిరాదు. ల్యాప్ సమయాన్నీ, మొదటివారికీ మీకూ మధ్య ఉన్న నిమిషాలనూ ఆధారంగా తీసుకోండి. చాలాచోట్ల 1, 2, 3 కేటగిరీల మహిళలు కలిసే దిగుతారు. కాబట్టి 3కు మారడమంటే ఎలీట్ రైడర్ల పక్కన నిలబడడం. ఆ రోజు మీ పోటీ మీ స్థాయివాళ్లతోనే అని ముందే అనుకుని దిగితే బెదురు ఉండదు.

ఇంటి లెక్క

కింది కేటగిరీలు పొద్దున్నే ఉంటాయి, ఎలీట్ రేసులు మధ్యాహ్నం. పైకి వెళ్లేకొద్దీ ఆదివారం సగం అక్కడే గడిచిపోతుంది. పిల్లలు చిన్నవాళ్లయితే ఇది ఇంట్లో కూర్చుని మాట్లాడుకోవాల్సిన విషయం. పిల్లల రేసు కూడా ఉన్న చోటు ఎంచుకుంటే అందరికీ పండగే. సీజన్ సెప్టెంబర్ నుంచి డిసెంబర్ దాకా కాబట్టి దసరా, దీపావళి వేడుకలు, తెలుగు సంఘాల కార్యక్రమాలు సరిగ్గా అదే వారాంతాల్లో వస్తాయి. వదులుకోలేని రోజులు ముందే గుర్తించి మిగిలినవాటిలోంచి రేసులు ఎంచుకోండి. ఆరోగ్య బీమాలో డిడక్టిబుల్ ఎంతో, చిన్న దెబ్బకు ఏ అర్జెంట్ కేర్‌కు వెళ్లాలో తెలుసుకునే రేసుకు వెళ్లండి. వేగం పెరిగితే పడినప్పుడు తగిలే దెబ్బా పెరుగుతుంది.

ఎక్కడున్నారన్నదీ చూసుకోండి. మసాచుసెట్స్ చుట్టుపక్కల గుంపులు పెద్దవి, పోటీ గట్టిది. అక్కడి 4లో మధ్యలో ఉన్నవాళ్లు ఇంకో రాష్ట్రంలో ముందు వరసలో ఉండవచ్చు. రెడ్‌మండ్‌లో ఉన్నవాళ్లకు సైక్లోక్రాస్ రేసులు చూసిన మేరీమూర్ పార్క్ ఊళ్లోనే ఉంది. వాల్‌మార్ట్ ఉద్యోగాలతో బెంటన్‌విల్‌లో స్థిరపడినవాళ్లకు 2022 ప్రపంచ చాంపియన్‌షిప్ జరిగిన ఫేయెట్‌విల్ కోర్సు అరగంట దూరమే. ఖాళీ రోజున వెళ్లి దాని ఎత్తుపల్లాలు తొక్కి చూడండి, పై స్థాయి ఎలా ఉంటుందో కాళ్లకే తెలుస్తుంది.

అడిగే పద్ధతి, మొదటి రేసు

యూఎస్ఏ సైక్లింగ్ ఖాతాలోనే అప్‌గ్రేడ్ అభ్యర్థన పెట్టవచ్చు. ఏ రేసులో ఎంతమందిలో ఎన్నో స్థానమో క్లుప్తంగా రాయండి. వేరే రకం సైకిల్ రేసుల్లో అనుభవముంటే అదీ రాయండి. ఇంకా కొన్ని ఫలితాలు కావాలంటే నిరాశపడకండి, ఏం కావాలో అప్పటికి మీకు తెలిసిపోతుంది. తర్వాత ఇది సరిపోలేదనిపిస్తే మళ్లీ కిందికి మార్చమని అడిగే వీలూ ఉంది.

కొత్త కేటగిరీలో మొదటి రోజు చివరి వరసలో నిలబడతారు. మొదటి నిమిషంలోనే అందరినీ దాటాలని ఒళ్లంతా ఖర్చు పెట్టకండి. రేసుల మధ్య కోర్సు తెరిచే సమయంలో రెండు చుట్లు తొక్కి మంచి దారి ఎక్కడుందో చూసుకోండి. టైర్లలో గాలి కాస్త తగ్గిస్తే బురదలో పట్టు దొరుకుతుంది. ఒక్క రేసుతో తీర్పు చెప్పుకోకుండా కనీసం మూడు రేసులు ఆగండి.

మీ రేసు మధ్యాహ్నానికి మారాక పొద్దుటి రేసు సమయానికి కూడా ఒక్కోసారి వెళ్లండి. పలకల దగ్గర ఆగిపోయే కొత్తవాళ్లకు దిగడం ఎలాగో చూపించండి, తాడు పక్కన నిలబడి ఆవు గంట మోగించండి. వాళ్లలో తెలుగు మాట్లాడేవాళ్లు ఎవరైనా ఉంటే, ఏ కేటగిరీతో మొదలుపెట్టాలో చెప్పేవాళ్లు ఇక మీరే.