తీగ లాగి చూడండి చెల్లాయిలూ

ఇంటర్ ఫలితాలొచ్చిన వారంలో చాలా ఇళ్లలో ఒకటే పంచాయితీ. పిల్ల కంప్యూటర్ నెట్‌వర్కింగ్ చదువుతానంటుంది. నాన్న తటపటాయిస్తాడు. పక్కనున్న ఏ బాబాయో, మేనమామో అందుకుని "నెట్‌వర్కింగంటే వైర్లు లాగే పనేగా, ఆడపిల్లకెందుకమ్మా? కోడింగ్ అయితే చక్కగా ఏసీలో కూర్చుంటావు" అంటాడు. పిల్ల ఇక మాట్లాడదు. ఆ ఒక్క మాట దగ్గరే ఆగిపోయిన అమ్మాయిల్ని నేను చూశాను. మంచి తెలివి, అంతకంటే మంచి ఓర్పు ఉన్న పిల్లలు. అందుకే ఈసారి మన ముచ్చట దీనిమీదే.

వైర్లు లాగే పని కూడా ఉంది, కాదనను. అందులో చిన్నతనమేమీ లేదు. కానీ ఆ బాబాయికి మీరు ఇద్దరు ఆడవాళ్ల పేర్లు చెప్పాలి. ఒకరు రేడియా పెర్ల్‌మన్. ఒక దారి తెగినా ఇంకోటి ఉంటుందని, కంప్యూటర్లను కలిపే స్విచ్‌లను రెండు దారుల్లో కలుపుతారు. అలా కలిపితే ఒకే సందేశం గుండ్రంగా తిరుగుతూ, పెరుగుతూ పోయి మొత్తం నెట్‌వర్క్‌ని ముంచేస్తుంది. ఈ చిక్కు విప్పే పద్ధతిని 1985లో ఆవిడే లోకానికి ఇచ్చారు. స్విచ్‌లు తమలో తాము మాట్లాడుకుని అదనపు దారిని మూసి ఉంచుతాయి, అవసరం పడితే తెరుస్తాయి. మీ సిలబస్‌లో స్పానింగ్ ట్రీ ప్రోటోకాల్ అని ఉండేది ఇదే. ఆ పాఠం అందరూ చదువుతారు, ఆవిడ పేరు మాత్రం నోట్సుల్లో కనిపించదు. నాకది నిజంగా బాధ. రెండో ఆవిడ ఎలిజబెత్ ఫైన్లర్. ఇంటర్నెట్‌కి ముందున్న ఆర్పానెట్‌లో ఏ కంప్యూటర్ పేరేమిటో, ఎక్కడుందో చెప్పే జాబితాను ఏళ్ల తరబడి నడిపింది ఆవిడ బృందమే. మనం రోజూ టైపు చేసే డాట్ కామ్, డాట్ ఎడ్యు లాంటి పేర్లు ఖాయం కావడంలోనూ ఆ బృందం చెయ్యి ఉంది.

ఇక చదువు సంగతి. బీఎస్సీ, బీసీఏ అయితే నెట్‌వర్క్స్ ఒక పేపరుగా ఉంటుంది. బీటెక్‌లో కొన్ని కాలేజీలు నెట్‌వర్క్స్ పేరుతోనే బ్రాంచి నడుపుతున్నాయి. సర్టిఫికెట్ మీద ఏ పేరుందన్నది నేను పెద్దగా పట్టించుకోను. చేరేముందు కాలేజీకి వెళ్లి ల్యాబ్ చూపించమనండి. నిజమైన స్విచ్‌లు, రూటర్లు ఉన్నాయా? ఉంటే వాటిని పిల్లలు ముట్టుకుంటున్నారా? అద్దాల బీరువాలో తాళం వేసి, తనిఖీకి ఎవరైనా వచ్చినప్పుడు మాత్రమే తీసే కాలేజీలు నాకు తెలుసు. అలాంటిచోట రికార్డు బుక్ నిండుతుంది, చెయ్యి మాత్రం తిరగదు.

నేను గట్టిగా చెప్పాలనుకున్నది ఒక్కటే. ఈ సబ్జెక్టు బట్టీకి లొంగదు. ఎక్కడ తెగిందో కనిపెట్టడమే ఇందులో అసలు విద్య. ఓఎస్ఐ ఏడు పొరలు తీసుకోండి. ఫిజికల్, డేటా లింక్, నెట్‌వర్క్, ట్రాన్స్‌పోర్ట్ అంటూ వరస తప్పకుండా రాస్తే మార్కులు పడతాయని అందరూ కంఠస్థం చేస్తారు. పరీక్ష అయిపోగానే మరిచిపోతారు. కానీ నెట్‌వర్క్ పడిపోయిన రోజున తప్పు ఎక్కడుందో వెతకడానికి అదే వరస. పొయ్యి వెలగకపోతే అమ్మ ఏం చేస్తుంది? ముందు సిలిండర్ ఉందా అని చూస్తుంది, తరవాత రెగ్యులేటర్, ఆ తరవాత బర్నర్. నేరుగా మెకానిక్‌కి ఫోన్ చెయ్యదు.

హాస్టల్లో నెట్ రావట్లేదనుకోండి. ముందు కేబుల్ చూడండి, క్లిప్పు విరిగిందా, పోర్టు దగ్గర లైటు వెలుగుతోందా? వెలిగితే కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఐపీకాన్ఫిగ్ కొట్టండి. అడ్రస్ 169.254తో మొదలైందంటే అడ్రస్‌లు పంచే డీహెచ్‌సీపీ దగ్గర నుంచి మీ కంప్యూటర్‌కి ఏమీ అందలేదని, తనకు తానే ఒకటి పెట్టేసుకుందని అర్థం. అడ్రస్ సరిగానే ఉంటే, బయటికి దారైన గేట్‌వేని పింగ్ చెయ్యండి. అది పలికితే బయట 8.8.8.8ని పింగ్ చెయ్యండి. అదీ పలికి, వెబ్‌సైట్ మాత్రం పేరు కొడితే తెరుచుకోవట్లేదా? అయితే పేరును అడ్రస్‌గా మార్చే డీఎన్ఎస్ దగ్గర చిక్కుంది. చూశారా, ఐదు నిమిషాల్లో కింది పొర నుంచి పై పొర దాకా వచ్చేశాం. ఇంటర్వ్యూలో "సిస్టమ్‌లో నెట్ రావట్లేదు, ఏం చేస్తావు?" అని అడిగేది దీనికోసమే. పొరల పేర్లు అప్పజెప్పేవాళ్లు చాలామంది వస్తారు, ఇలా మెట్టు మెట్టుగా చెప్పేవాళ్లు తక్కువ.

సబ్‌నెటింగ్ అంటే భయపడతారు. భయం లెక్కలది కాదు, ఎవరూ నింపాదిగా చెప్పకపోవడంది. 192.168.10.0 స్లాష్ 24 అంటే 256 అడ్రస్‌లు. మొదటిది నెట్‌వర్క్‌కి, చివరిది బ్రాడ్‌కాస్ట్‌కి పోతే యంత్రాలకు 254 మిగులుతాయి. దాన్నే నాలుగు ముక్కలు చేస్తే స్లాష్ 26. ముక్కకి 64 అడ్రస్‌లు, పనికొచ్చేవి 62. రెండు చొప్పున తీసెయ్యడం మరిచిపోకపోతే మిగతాదంతా రెండుతో భాగించడమే. రోజుకో లెక్క చేతితో చెయ్యండి, యాప్‌లో కాదు.

కేబుల్‌కి తల బిగించడం కూడా నేర్చుకోండి. నారింజ చారల తెలుపు, నారింజ, ఆకుపచ్చ చారల తెలుపు, నీలం, నీలం చారల తెలుపు, ఆకుపచ్చ, గోధుమ చారల తెలుపు, గోధుమ. ఈ వరసలో ఎనిమిది తీగలూ అమర్చి ఆర్‌జే 45లో దూర్చి క్రింపింగ్ టూల్‌తో నొక్కి, టెస్టర్‌లో ఎనిమిది లైట్లూ వరసగా వెలిగేదాకా చెయ్యండి. మామూలు రాగి కేబుల్ 100 మీటర్లు దాటకూడదన్న నియమం పుస్తకంలో ఒక వాక్యమే. పెద్ద ఆఫీసులో స్విచ్ ఎక్కడ పెట్టాలో తేల్చేది ఆ వాక్యమే.

డబ్బులు లేవని ఆగనక్కర్లేదు. సిస్కో వాళ్ల ప్యాకెట్ ట్రేసర్‌కి ఖర్చు లేదు, ల్యాప్‌టాప్‌లోనే రూటర్లు పెట్టుకుని ఆడుకోవచ్చు. వైర్‌షార్క్ కూడా ఉచితమే. దాన్ని పెట్టుకుని ఒక వెబ్‌సైట్ తెరిచి, రెండు యంత్రాలు ముందుగా మూడు మాటలతో పలకరించుకోవడం ఒక్కసారి మీ కళ్లతో చూడండి. టీసీపీ పాఠం ఇక జన్మలో మరిచిపోరు. కాకపోతే మీ సొంత కంప్యూటర్‌లోనే చూడండి తల్లీ. ఇతరుల ట్రాఫిక్‌లోకి అనుమతి లేకుండా తొంగిచూడటం తప్పు, చట్టం ముందు కూడా తప్పే. పాఠాలకు ఎన్‌పీటెల్‌లో ఐఐటీ ప్రొఫెసర్లే ఉన్నారు. పరీక్షకి ఫొరౌజన్ పుస్తకం పనికొస్తుంది. అర్థం కావడానికైతే కురోస్, రాస్ రాసింది చదవండి. మనం రోజూ వాడే వెబ్, మెయిల్ నుంచి మొదలుపెట్టి కిందికి తీసుకెళ్తారు.

తెలుగు మీడియం పిల్లలు "ఇంగ్లిష్ రాదక్కా" అంటారు. రూటర్‌కి కావలసింది వందలోపు కమాండ్ మాటలు, అవి చేతికి అలవాటవుతాయి. పాఠం మాత్రం పక్క పిల్లకి తెలుగులోనే చెప్పి చూడండి. చెప్పలేకపోయారంటే ఆ పాఠం మీకింకా రాలేదన్నమాట.

సిస్కో వాళ్ల సర్టిఫికెట్ పరీక్ష సీసీఎన్ఏ గురించి కూడా అడుగుతారు. మంచి పరీక్షే. ఫీజు 300 డాలర్లు, మన డబ్బుల్లో పాతికవేలు దాటుతుంది. మొదటి ఏడాదే అప్పు చేసి కట్టొద్దు. సిలబస్ తీసుకుని చివరి ఏడాది దాకా దాని ప్రకారం చదవండి, చెయ్యి తిరిగిందని మీకనిపించాకే రాయండి. ఉద్యోగం గ్యారంటీ అని బోర్డు కట్టి ముందే ఫీజు మొత్తం లాక్కునే కోచింగ్‌ల జోలికి వెళ్లొద్దు. ఉద్యోగం ఎవరూ చేతిలో పెట్టరు. లినక్స్, కాస్త పైథాన్ మాత్రం డిగ్రీలోనే పట్టుకోండి. వంద స్విచ్‌లకు ఒకే మార్పు చెయ్యాల్సివస్తే ఒక్కొక్కదాంట్లోకి వెళ్లి టైపు చేసే రోజులు పోతున్నాయి.

తొలి ఉద్యోగాలు చాలావరకు ఎన్‌ఓసీలో, అంటే నెట్‌వర్క్‌ని రాత్రింబవళ్లు కనిపెట్టి చూసే చోట. షిఫ్టులుంటాయి, రాత్రి డ్యూటీ పడుతుంది. ఈ సంగతి ఇంట్లో దాచొద్దు, ముందే చెప్పండి. చేరే కంపెనీని క్యాబ్ ఇంటి గుమ్మం దాకా వస్తుందా, రాత్రి షిఫ్టులో ఇంకా ఆడవాళ్లున్నారా అని మొహమాటపడకుండా అడగండి. ఇవి అడిగితే ఉద్యోగం ఇవ్వరేమోనన్న బెరుకు వద్దు, అడగటం మీ హక్కు. అమ్మానాన్నలకూ ఒక మాట. ఆసుపత్రిలో నర్సమ్మ రాత్రి డ్యూటీ చేస్తే గౌరవిస్తాం కదా, ఆ ఆసుపత్రి కంప్యూటర్లు తెల్లవార్లూ నడిచేలా చూసే మీ అమ్మాయిని కూడా అలాగే చూడండి.

ఇప్పటికే చేరిపోయిన చెల్లాయిలూ, మీ కాలేజీలో ఆ బీరువా తాళం ఎవరి దగ్గరుందో రేపే కనుక్కోండి. సార్‌ని అడిగి తీయించండి. ఒక్కరు అడిగితే తీయకపోతే నలుగురూ కలిసి వెళ్లి మళ్లీ అడగండి.