పాత లేతు యంత్రము – మూడు ఫేజుల విద్యుత్తు



మగ్గములకును అగ్గిపెట్టెల పరిశ్రమకును పేరు పొందిన గుడియాత్తము పట్టణమున మా పూర్వ విద్యార్థి యొకడు కలడు. అతడు ఫిట్టరు పని నేర్చి, వేలూరులో కొన్ని యేండ్లు కూలికి పని చేసి, తుదకు తన యింటి వెనుక రేకుల పాకలో సొంత కర్మశాల పెట్టుకొన దలచెను. మూతపడిన యొక ఫ్యాక్టరీనుండి పాత లేతు యంత్రమును కొనెను. అందులకై తల్లి గాజులు కుదువ పెట్టవలసి వచ్చెను. యంత్రము లారీపై వచ్చెను. పది మంది కలిసి దానిని దింపిరి. ఇంటి కరెంటు తగిలించి మీట నొక్కగా మోటారు మూల్గినదే గాని తిరుగలేదు. కొన్ని క్షణములలో కాలిన వాసన వచ్చెను. వెంటనే మీట నార్పుటచే చుట్టలు దక్కినవి.

మరునాడు అతడు మా యొద్దకు వచ్చెను. చేత నొక చిన్న పుస్తకము. “అయ్యవారూ, కరెంటు మార్చు పెట్టె యొకటి అంగడిలో చూపిరి. దాని పుస్తకమంతయు ఇంగ్లీషులో నున్నది. మీరు చదివి తెలుగులో చెప్పినచో పని నేను చేసికొందును” అనెను. మేము తెలుగు చెప్పువారము. మోటారుల సంగతి మాకేమి తెలియును? కావున భౌతికశాస్త్రము బోధించు మిత్రుని తోడు చేసికొని, మూడు సాయంకాలములు చదివి, అతనికి చెప్పితిమి. ఆ పాఠమే మీకును పనికివచ్చునని యిచట వ్రాయుచున్నాము.

తరిమెన – లేతు

ఒక వస్తువును గిఱ్ఱున తిప్పుచు, దానికి ఉలి నానించి గుండ్రముగా చెక్కు సాధనమునకు తెలుగున ‘తరిమెన’ యని పేరు. మన ప్రాంతమున తమిళులు ఆ పనిని ‘కడైసల్’ అందురు. ఏటికొప్పాక లక్కబొమ్మలు తరిమెన పట్టినవే. కఱ్ఱకు బదులు ఇనుమును చెక్కుటకు ఉలిని చేతితో పట్టుట చాలదు. 1800 ప్రాంతమున ఇంగ్లండున హెన్రీ మాడ్‌స్లే ఉలిని ఇనుప పీటకు బిగించి, దానిని మరచుట్టు కడ్డీచే జరుపు లేతును నిర్మించెను. నేటి లేతులు దాని సంతతియే.

మూడు ఫేజులన నేమి?

మన యిండ్లకు సాధారణముగ వచ్చునది ఒక ఫేజు విద్యుత్తు. దాని వోల్టేజి 230. అది సెకండునకు 50 ఆవృత్తులతో ముందునకు వెనుకకు ఊగుచుండును. ఫ్యాక్టరీలకు మూడు ఫేజులు వచ్చును. మూడును అట్లే ఊగును గాని ఒకే మారు కాదు. ఒకదాని వెనుక నొకటి, ఆవృత్తిలో మూడవ వంతు ఎడముతో ఊగును. రెండు ఫేజుల నడుమ వోల్టేజి 230ని 1.732తో హెచ్చింపగా వచ్చు సుమారు 400 వోల్టులు.

ఈ పద్ధతి శక్తిని 1891లో జర్మనీ దేశము లోకమునకు చూపెను. లౌఫెన్ నుండి ఫ్రాంక్‌ఫర్టునకు 175 కిలోమీటర్లు మూడు ఫేజుల విద్యుత్తు పంపబడెను. మనకు దగ్గరి దృష్టాంతము కూడ కలదు. 1902లో కావేరిపై శివసముద్రమున పుట్టిన విద్యుత్తు సుమారు 92 మైళ్లు నడచి కోలారు బంగారు గనులను చేరెను. ఆ గనులలో శ్రమించినవారిలో మన ఉత్తర ఆర్కాటు, చిత్తూరు ప్రాంతములవారు మెండు. గనులు 2001లో మూతపడినవి.

మోటారు మూల్గుట యేల?

కాలితో త్రొక్కు కుట్టుమిషను మీరెల్లరు చూచినదే. పాదము క్రిందికి మీదికి మాత్రమే కదలును. అందుచే చక్రము ఒక్కొక్కచో నిలిచిపోవును. చేతితో ఒకసారి త్రిప్పినగాని సాగదు. ముందుకు త్రిప్పిన ముందుకు, వెనుకకు త్రిప్పిన వెనుకకు నడచును. ఒక ఫేజు విద్యుత్తు ఆ పాదము వంటిది. అది మోటారులో ఊగు అయస్కాంత క్షేత్రమును పుట్టించునే గాని తిరుగు క్షేత్రమును పుట్టింపజాలదు. మూడు ఫేజులైనచో, ముగ్గురు చుట్టును నిలిచి వంతుల వారీగ రంగులరాట్నమును త్రోసినట్లు, క్షేత్రము తానే తిరుగును. మోటారు దాని వెంట తిరుగును.

నిలిచిపోయిన మోటారు నడుచు మోటారు కంటె అయిదారు రెట్లు కరెంటు లాగుకొనును. మన విద్యార్థికి కాలిన వాసన వచ్చుటకు కారణమిదియే.

నాలుగు మార్గములు

మొదటిది, మూడు ఫేజుల కనెక్షను తెచ్చుకొనుట. ఇది అన్నిటికంటె శ్రేష్ఠము. కాని ఖర్చును, కాలమును పట్టును. ఇంటి కనెక్షనుతో కూలికి పని చేయుట తగదు. పరిశ్రమకు రేటు వేరు.

రెండవది, మోటారును తీసివేసి ఒక ఫేజు మోటారును బిగించుట. ఇది సులభము. కాని దాని పీట కొలతలు, ఇరుసు మందము, చుట్ల వేగము పాతదానితో సరిపోవలెను.

మూడవది, కెపాసిటరు సాయమున మూడవ ఫేజును కల్పించుట. కెపాసిటరు మాత్రమే కట్టినచో మోటారు బలము సుమారు మూడింట రెండు వంతులకు తగ్గును. వేరొక పెద్ద మూడు ఫేజుల మోటారును ఊరక త్రిప్పుచు, దాని మూడవ చుట్టనుండి ఫేజును తీసికొనుట మెరుగు. కాని చప్పుడును, స్థలమును అధికము.

నాలుగవది, ఫ్రీక్వెన్సీ డ్రైవు. బజారున వి.ఎఫ్.డి. అందురు. ఇది ఇంటి కరెంటును మొదట ఒకే దిశలో పారు కరెంటుగ మార్చి, దానిని సెకండునకు వేలమార్లు తెంచి కలుపుచు మూడు ఫేజులను తయారు చేయును. మోటారు వేగమును కూడ తగ్గించి పెంచవచ్చును.

ఇచట నొక చిక్కు కలదు. 230 వోల్టులు తీసికొను సాధారణపు డ్రైవు 230 వోల్టులకు మించి ఈయదు; పాత మోటారు 415 కోరును. మోటారుపై రేకును చదివితిమి: 3 హార్సుపవరు, 415 వోల్టులు, స్టారు కలయిక, 1440 చుట్లు. స్టారు కలయికలో ఒక్కొక్క చుట్టకు వచ్చునది 415 కాదు, దానిని 1.732తో భాగింపగా వచ్చు 240 మాత్రమే. కావున చుట్టలను డెల్టాగా కలిపినచో 230 వోల్టులే చాలును. అందులకు మోటారు పెట్టెలో ఆరు కొనలు ఉండవలెను. మూత తీయగా ఆరును కనబడినవి. ఆ క్షణమున అతని ముఖము చూచి మాకు కలిగిన సంతోషము చెప్పనలవి గాదు. మూడు కొనలే యున్నచో నేర్పరి చుట్టలను విప్పి మిగిలిన కొనలను వెలికి తీయవలసి యుండెడిది.

ఇక లెక్క. 3 హార్సుపవరు అనగా 3 × 746 = 2238 వాట్లు. మోటారు దక్షత 0.8, పవరు ఫ్యాక్టరు 0.8 అనుకొన్నచో, ఒక ఫేజుపై కరెంటు 2238 ÷ (230 × 0.8 × 0.8) = సుమారు 15 ఆంపియర్లు. డ్రైవు ఇంతకంటె నెక్కువయే లాగవచ్చును. కావున గోడ ప్లగ్గు చాలదు. మీటరు పలక నుండి తగిన మందముగల ప్రత్యేకమైన తీగ, దానికొక బ్రేకరు, ఎర్తు తీగ ఉండి తీరవలెను.

ప్రాణరక్షణ నియమములు

ఈ పనిని లైసెన్సు గల ఎలక్ట్రీషియనుచేతనే చేయింపవలెను. విద్యార్థులు స్వయముగ తాకరాదు.

డ్రైవునకు మోటారునకు నడుమ మీట పెట్టరాదు. లేతు పాత మీటను డ్రైవు ఆజ్ఞాతీగలకే కలుపవలెను. కరెంటు నార్పిన పిదపను డ్రైవులో విద్యుత్తు కొన్ని నిముషములు నిలిచియుండును. వెంటనే మూత తీయరాదు.

పాత లేతులలో కొన్నిటికి చక్ మరచుట్టుతో బిగింపబడి యుండును. అట్టి లేతును డ్రైవుచే వెనుకకు త్రిప్పినను, హఠాత్తుగ నిలిపినను చక్ విడివడి మీద పడవచ్చును.

వదులు చొక్కాలు, ఉంగరములు, చేతి తొడుగులు లేతు వద్ద కూడవు. చక్ తాళమును దానిలోనే వదలి మీట నొక్కరాదు.

ముగింపు

నాలుగవ దినమున లేతు తిరిగెను. మొదట తయారైనది పొరుగింటి మగ్గమునకు కావలసిన ఇనుప బుష్షు. గాజులింకను కుదువలోనే యున్నవి. అవి తిరిగి వచ్చుటకు అట్టి బుష్షులు ఎన్నియో కావలెను. కాని ఆ పుస్తకము నేడతని చేత తెలియని వస్తువు కాదు. దాని అంచున అతడు తెలుగున వ్రాసికొన్న గుర్తులు మేము చూచితిమి. తెలుగు చదువు బ్రతుకునకు పనికిరాదను మాట విన్నపుడు, మీరు ఆ గుర్తులను తలచుకొనుడు. ఇంగ్లీషును నేర్వుడు, తమిళమును నేర్వుడు. తెలిసికొన్నదానిని మీ భాషలో మరల చెప్పుకొనుడు. అట్లు చెప్పగలిగిననాడే అది మీదగును.

అభ్యాసము

1. ఒక ఫేజుపై మూడు ఫేజుల మోటారు తనంత తాను ఏల బయలుదేరదు? కుట్టుమిషను దృష్టాంతముతో వివరింపుడు.
2. స్టారు కలయికలో 415 వోల్టుల మోటారును డెల్టాగా మార్చి 230 వోల్టులపై నడుపుట ఎట్లు సాధ్యము?
3. పైన చెప్పిన దక్షతయు, పవరు ఫ్యాక్టరును గల 2 హార్సుపవరు మోటారు ఒక ఫేజుపై తీసికొను కరెంటును లెక్కింపుడు.
4. మీ వీధిలోని కర్మశాలలో వినవచ్చు యంత్రభాగముల పేర్లను పది సేకరించి, ప్రతిదానిని ఒక తెలుగు వాక్యమున వర్ణింపుడు.