టీవీ, సెల్‌ఫోను చందాలు: ఏడాది లెక్క

1975 ఆగస్టు 1వ తేదీన మన దేశమున ఉపగ్రహము ద్వారా గ్రామములకు టీవీ కార్యక్రమములను పంపు ప్రయోగ మొకటి ఆరంభమైనది. ఆరు రాష్ట్రములలో 2400 గ్రామములు అందు చేరినవి. ఆ రాష్ట్రములలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఉపగ్రహము అమెరికావారిది, ఒక్క సంవత్సరమునకు ఎరవు తెచ్చినది. ఊరికొక పెట్టె, దాని ముందు ఊరివారందరు. సేద్యమును గూర్చియు, ఆరోగ్యమును గూర్చియు తెలుగులో చెప్పిన మాటలు వినుటయే పని. 1976 జూలై 31తో అది ముగిసినది. నాడు రైతు దేనిని ఎన్నుకొనవలెనన్న ప్రశ్న లేదు, చెల్లింపవలసినదియు లేదు. నేడు ఆ ప్రశ్న ప్రతి యింటికిని వచ్చినది, దాని వెంట చెల్లింపును వచ్చినది.

ఎరువు కొనునపుడు బస్తా మీది బొమ్మను గాక నత్రజని, భాస్వరముల శాతమును చూచి, కిలో పోషకమునకు ఎంత పడినదో లెక్కింపుడని మేము సభలలో చెప్పుచుందుము. ఆ మాట విని లెక్క చూచు రైతు సైతము ఫోను రీఛార్జి విషయమున లెక్క చూడడు. కంపెనీవారు ప్రతి రీఛార్జిని చిన్న మొత్తముగా చూపుదురు. సంవత్సరపు మొత్తమును చూపువారు లేరు. కావున మనము ముందుగా దానినే చూతము.

ఒక యింట మూడు ఫోనులున్నవనియు, ఒక్కొక్కదానికి 28 దినముల గడువుగల 300 రూపాయల రీఛార్జి వేయుదురనియు అనుకొందము. నెలకు 300 గదా, ఏడాదికి 3600 అని మనవారి తలంపు. కాని 28 దినములు నెల కాదు. 365 దినములను 28 చేత భాగించిన 13 వచ్చును. అనగా ఏడాదికి పండ్రెండు మారులు కాదు, పదుమూడు మారులు చెల్లింపు. ఒక ఫోనుకు 3900, మూడింటికి 11,700. టీవీకి నెలకు 300 చొప్పున 3600. వెరసి 15,300 రూపాయలు. 2025-26 ఖరీఫునకు సాధారణ రకము ధాన్యమునకు కేంద్ర ప్రభుత్వము ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 2369 రూపాయలు. ఆ ధర పూర్తిగా దక్కినను, ఇంచుమించు ఆరున్నర క్వింటాళ్ళ ధాన్యము ఈ చందాలకే పోవును. 1350 రూపాయల డి.ఏ.పి. బస్తాలైన పదునొకటి వచ్చును.

ఈ సొమ్మంతయు వ్యర్థమని మేమనము. బజారు ధర తెలియుటకు, వాన కబురునకు, పిల్లల చదువునకు, బ్యాంకు పనికి ఫోను అక్కరయే. అక్కరకు మించి ఎంత పోవుచున్నదన్నదే విచారింపవలసినది.

మొదట టీవీ సంగతి. ఇంటిపైని డిష్షు భూమధ్యరేఖకు మీదుగా సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున నిలిచియున్న ఉపగ్రహమును చూచుచుండును. ప్రభుత్వ దూరదర్శన్ వారి ఫ్రీ డిష్ ప్రసారములు జీశాట్-15 అను ఉపగ్రహము నుండి వచ్చుచున్నవి. అది తూర్పు రేఖాంశము 93.5 వద్ద నుండుటచేత, మన ప్రాంతమునుండి చూచినచో ఆగ్నేయ దిక్కున, చాలా ఎత్తుగా కనబడవలెను. ఆ దిక్కున మామిడి కొమ్మయో, కొబ్బరి మట్టయో పెరిగి అడ్డమైనచో బొమ్మ చెడును. గట్టివాన పడునపుడు నిలిచిపోవుట వేరు విషయము. ఆ తరంగములను వానచినుకులు పీల్చుకొనును, అది ఏ కంపెనీ డిష్షుకైనను తప్పదు. వాన వెలిసిన అరగంటకును రానిచో మాత్రమే మరమ్మతువానిని పిలువుడు. మబ్బు పట్టినపుడు అతనిని పిలిచి రాకపోకల కూలి ఇచ్చుకొనుట దండుగ.

ఫ్రీ డిష్ 2004 డిసెంబరులో డి.డి. డైరెక్ట్ ప్లస్ అను పేర మొదలైనది. డిష్షు, పెట్టె ఒకసారి కొనిన చాలును. నెల చందా లేదు. అందు సప్తగిరి, యాదగిరి, రైతులకై 2015 మే 26న ప్రారంభించిన డి.డి. కిసాన్ చానళ్ళు గలవు. లోపమేమనగా, ప్రైవేటువారి తెలుగు చానళ్ళు అందు బహు స్వల్పము, హిందీవే హెచ్చు. తెలుగు సీరియళ్ళు, సినిమాలు కోరు ఇంటికి అది చాలదు. ఆ సంగతి ముందే ఇంటివారితో మాటాడుకొనక, చవక యని తెచ్చి మూలను పెట్టిన పెట్టెలు మా కంటబడినవి.

చందా టీవీని కోరువారికి 2025 నాటికి టాటా ప్లే, ఎయిర్‌టెల్, డిష్ టీవీ, సన్ డైరెక్ట్ అను ప్రైవేటు కంపెనీలు డిష్షు ద్వారా ప్రసారము లిచ్చుచున్నవి. ఇవిగాక ఊరి కేబులు ఉండనే యున్నది. 2019 ఫిబ్రవరినుండి అమలునకు వచ్చిన ట్రాయ్ నిబంధనల ప్రకారము ప్రతి చందా చానలుకు విడిధర ప్రకటింపవలెను, కోరిన చానలును విడిగా తీసికొను హక్కు చందాదారునికి గలదు. ఈ హక్కును వాడుకొనువారు తక్కువ. కట్టగట్టి ఇచ్చు ప్యాకు చవకగా తోచును గాని, ఆ కట్టలో ఇంటివారు చూచునవి ఎన్నియో ఎవరును లెక్కింపరు. మేము చెప్పు ఉపాయ మిది: ఒక వారము దినములు టీవీ ప్రక్కన కాగితము వ్రేలాడదీసి, చూచిన ప్రతి చానలు పేరును పిల్లలచేత వ్రాయింపుడు. ఎనిమిదింటికో, పదింటికో మించదు. ఆ చానళ్ళ విడిధరలను కూడి ప్యాకు ధరతో పోల్చుడు. ఒక్కొక్కప్పుడు ప్యాకే చవక కావచ్చును. అట్లయిన దానినే ఉంచుకొనవచ్చును, కాని తెలిసి ఉంచుకొనుట వేరు.

చానళ్ళ ధర గాక, ప్రసారము అందించు రుసుమని వేరొకటి గలదు. 2019లో దీనికి 130 రూపాయల పరిమితి యుండెను. 2024 జూలైలో ట్రాయ్ ఆ పరిమితిని తీసివేసినది. కావున ఇప్పుడు ఏ కంపెనీ ఎంత పట్టుచున్నదో కనుగొనవలెను. చెప్పిన ధర మీద నూటికి 18 చొప్పున జి.ఎస్.టి. పడునో, పన్ను కలిపియే చెప్పిరో అదియు అడుగవలెను. మరియొక జాగ్రత్త: ఒక కంపెనీ పెట్టె ఆచరణలో మరియొక కంపెనీకి పనికిరాదు. కంపెనీ మారినచో పెట్టె ఖర్చు మరల మీదబడును.

సెల్‌ఫోనుల విషయమున అన్నిటికంటె ముందు చూడవలసినది ధర కాదు, సిగ్నలు. సిగ్నలు లేనిచోట చవక పథకము నీరు రాని కాలువకు శిస్తు కట్టుటవంటిది. జియో, ఎయిర్‌టెల్, వి.ఐ., ప్రభుత్వ బి.ఎస్.ఎన్.ఎల్. ఈ నాలుగింటిలో పట్టణమున ఏది మేలో మనకు అనవసరము. మీ యింటిలో, మీ పొలములో, మోటారు కొట్టము వద్ద ఏది పలుకునో చూడవలెను. తక్కువ తరచుదనముగల తరంగములు దూరము పోవును, గోడలు దాటును; హెచ్చు తరచుదనముగలవి వేగమిచ్చును గాని దూరము పోలేవు. అందుచేత 5జి ఫోను కొన్నంతనే పొలమున 5జి రాదు. సాయంకాలము ఏడు మొదలు పది గంటలవరకు వేగము తగ్గుటకు కారణము కాలువ చివరి భూముల రైతులకు వేరుగా చెప్పనక్కరలేదు: ఒకే టవరునుండి అందరు ఒకేసారి తోడుకొనుచుందురు. ప్రొద్దుట పరీక్షించి తృప్తిపడక, రాత్రి ఎనిమిదింటికి పొరుగువాని ఫోను అడిగి మీ యింట చూడుడు. పొరుగువానిని మించిన పరీక్షాయంత్రము లేదు. కంపెనీలు తమ సిగ్నలు అందు ప్రాంతముల పటములను ప్రకటింపవలెనని ట్రాయ్ 2024లో ఆదేశించినది. అవియు చూడవచ్చును గాని, మీ గట్టున నిలిచి చూచుకొన్నదే ప్రమాణము.

సిగ్నలు కుదిరిన పిమ్మట పథకము. ధరను గడువు దినములచేత భాగించి, దినమునకు ఎంత పడినదో చూడుడు. 28 దినములది, 84 దినములది, ఏడాదిది ఇట్లు ఒకే కొలతకు వచ్చును. 30 దినముల పథకము నొకటియు, ప్రతినెల అదే తేదీకి వేయునది ఒకటియు ప్రతి కంపెనీయు ఉంచవలెనని 2022 జనవరిలో ఉత్తర్వు వచ్చినది. దుకాణముల వద్ద అడుగనిదే వాటి మాట ఎత్తరు.

దినమునకు ఒకటిన్నర జీ.బీ., రెండు జీ.బీ. అని పథకములందు వ్రాయుదురు. సాధారణ స్పష్టతతో వీడియో ఒక గంట చూచిన అర జీ.బీ.కి కొంచెము మించి ఖర్చగును. చదువుకొను పిల్లవానికి ఆ డేటా సరిపోవును, ఒక్కొక్క దినము చాలకపోవును. ధరల సందేశములు, పంట తెగులు ఫోటోలు మాత్రము పంపుకొను రైతునకు అందులో నాలుగవవంతును అక్కరలేదు. మిగిలినది ఆ రాత్రితో పోవును, మరునాటికి చేరదు. ఒక యింట ముగ్గురికి ముగ్గురు రెండేసి జీ.బీ. కొనుట కంటె, హెచ్చు వాడువానికి పెద్దదియు తక్కినవారికి చిన్నదియు వేయుట మేలు.

ఇక ముసలివారి సంగతి. మీటల ఫోను వాడు తల్లికి, తండ్రికి ఇంటర్నెట్టుతో కూడిన రీఛార్జి వేయుట కేవలము దండుగ. మాటలకును సందేశములకును మాత్రమే పనికివచ్చు వేరు పథకములను కంపెనీలు ఉంచవలెననియు, వాటి గడువు 365 దినముల వరకు ఉండవచ్చుననియు ట్రాయ్ 2024 డిసెంబరులో నిబంధన చేసినది. 2025 జనవరినుండి అట్టివి వచ్చినవి. మొదట చూపిన లెక్కలో ఒక్క ఫోను ఇట్లు మార్చినను ఆ యింటికి కనబడునంత సొమ్ము మిగులును.

అట్లని వారి ఫోనును మొత్తముగా మాన్పవలదు. ఎడతెగక 90 దినములు ఏ వాడకమును లేనిచో కంపెనీ ఆ నంబరును రద్దుచేయవచ్చును. రద్దయిన పిదప మరి కనీసము 90 దినములకు ఆ నంబరు వేరొకరికి పోవచ్చును. బ్యాంకు ఖాతాకు, ఆధారుకు, పి.ఎం. కిసాన్ సొమ్మునకు కట్టియున్నది ఆ నంబరే గదా. వచ్చు ఓ.టి.పి. ఎవరి చేతిలో పడునో ఆలోచింపుడు. మన ఊళ్ళలో ఖర్చు తగ్గించుటకు మొదట ఆపునది ముసలవ్వ ఫోనే. పింఛను, ఖాతా ఆమె పేర నుండునదియు ఆ నంబరు మీదనే. ఆపకతప్పనిచో ముందు బ్యాంకుకు పోయి నంబరు మార్పించి, పిమ్మట ఆపవలెను.

కంపెనీ నచ్చనిచో నంబరు మారకుండ కంపెనీని మార్చు సౌకర్యము 2011 జనవరి 20 నుండి దేశమంతట గలదు. పోర్ట్ అని ఇంగ్లీషు అక్షరములలో వ్రాసి, ఖాళీ విడిచి, నంబరు వేసి 1900కు సందేశము పంపిన ఒక సంకేతము వచ్చును. దానితో కొత్త కంపెనీ దుకాణమునకు పోవలెను. పాత కంపెనీలో 90 దినములు నిండియుండవలెను. బిల్లు కట్టువారు బాకీ తీర్చియుండవలెను. టెలిఫోను లెక్కలలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ నేటికిని ఒకటే మండలము, కావున హైదరాబాదున నున్న కుమారుడు ఊరికి వచ్చి మార్చుకొన్నను మూడు పనిదినములలో ముగియును. పాత సిమ్ములో మిగిలిన సొమ్ము, గడువు మాత్రము వెంట రావు. రీఛార్జి ముగియవచ్చిన దినములలోనే మారుట మంచిది. ఆ సంకేతమును ఫోనులో అడిగినవారికి ఎవరికిని చెప్పరాదు.

తగవు వచ్చినచో మొదట కంపెనీకే ఫిర్యాదు చేసి, వారిచ్చు ఫిర్యాదు సంఖ్యను తేదీతో వ్రాసికొనవలెను. ఆ సంఖ్య లేనిదే పై మెట్టు లేదు. తీర్పు నచ్చనిచో అదే కంపెనీలోని అప్పీలు అధికారికి వ్రాయవలెను. ట్రాయ్ వారు ఒక్కొక్కరి తగవులను విచారింపరు. వారికి వ్రాసి నెలలు ఎదురుచూచుట నిష్ఫలము. 1915 అను జాతీయ వినియోగదారుల నంబరునకు తెలుగులోనే చెప్పవచ్చును. అప్పటికిని తీరనిచో జిల్లా వినియోగదారుల కమిషను గలదు. ఫోను తగవులు అక్కడ చెల్లవని కంపెనీలు చాలకాలము వాదించినవి. చెల్లునని సుప్రీముకోర్టు 2022 ఫిబ్రవరి 16న తీర్పు చెప్పినది. చెల్లించిన వెల అయిదు లక్షల లోపైన ఫిర్యాదునకు రుసుము లేదు. అర్జీ వ్రాసికొనుటకు సభ్యులు సంఘ కార్యాలయమునకు వచ్చినచో మేము తోడ్పడుదుము; వచ్చునపుడు రీఛార్జి సందేశమును, ఫిర్యాదు సంఖ్యను తప్పక తేవలెను.