ఎక్స్‌రెఫ్ తెలిస్తే ఆఫీసు పని తెలిసినట్టే

ఆటోక్యాడ్ వచ్చని చెప్పుకునే పిల్లలు ఇంటర్వ్యూలకు చాలామంది వస్తారు. ఐటీఐలో రెండేళ్లు డ్రాఫ్ట్స్‌మన్ సివిల్ చదివినవాళ్లు, పాలిటెక్నిక్ డిప్లొమా చేసినవాళ్లు, బీటెక్ అయ్యాక అమీర్‌పేటలో కోర్సు పూర్తిచేసినవాళ్లు. లైన్, ట్రిమ్, ఆఫ్‌సెట్, హ్యాచ్ అందరికీ బాగానే వస్తాయి. ‘ఈ ప్లాన్‌ను ఎక్స్‌రెఫ్‌గా తెచ్చుకుని దానిమీద ప్లంబింగ్ గీసి చూపించండి’ అనగానే మౌస్ మీద చెయ్యి ఆగిపోతుంది. తెలివి తక్కువై కాదు. కోర్సులో ఒక్కరే కూర్చుని ఒక్క ఫైల్లో గీశారు. ఆఫీసులో ఒకే భవనాన్ని నలుగురు, అయిదుగురు కలిసి గీస్తారు. ఆ పద్ధతి వాళ్లకు ఎవరూ చూపించలేదు.

ఎక్స్‌రెఫ్ అంటే ఎక్స్‌టర్నల్ రిఫరెన్స్. ఇంకొకరి డ్రాయింగ్‌ను మన ఫైల్లోకి కాపీ చేసుకోకుండా, అది ఉన్నచోటే ఉంచి, మన గీతల కింద కనబడేలా చేసుకోవడం. అవతలివాళ్లు తమ ఫైల్లో గోడ జరిపి సేవ్ చేస్తే, మనం రీలోడ్ కొట్టగానే ఇక్కడా జరుగుతుంది. 1990లో వచ్చిన ఆటోక్యాడ్ రిలీజ్ 11 నుంచే ఈ సదుపాయం ఉంది.

దీని విలువ నాకు ఉద్యోగంలో చేరిన కొత్తల్లో తెలిసింది. అయిదంతస్తుల అపార్ట్‌మెంట్. ఆర్కిటెక్ట్ పంపిన ప్లాన్‌ను మా ప్లంబింగ్ ఫైల్లో కాపీ పేస్ట్ చేసుకుని పైపులు గీశాం. మూడు వారాల తర్వాత ఆర్కిటెక్ట్ బాత్రూమ్ షాఫ్ట్‌ను 300 మిల్లీమీటర్లు పక్కకు జరిపారు. కొత్త ప్లాన్ మెయిల్లో వచ్చింది, మా ఫైల్లో మాత్రం పాతదే ఉండిపోయింది. సైట్లో మా డ్రాయింగ్ చూసి స్లీవులు పెట్టేశారు, స్లాబు పోసేశారు. తరువాత కోర్ కటింగ్ మెషీన్ పెట్టి కొత్త స్లాబుకు చిల్లులు వేయాల్సి వచ్చింది. ఆ చప్పుడు నాకింకా గుర్తుంది. ఆ ప్లాన్‌ను ఎక్స్‌రెఫ్‌గా పెట్టుకుని, మెయిల్లో వచ్చిన కొత్తదాన్ని అదే పేరుతో పాతదాని చోట సేవ్ చేసి ఉంటే, ఫైలు తెరిచిన రోజే పైపులు గోడలో ఇరుక్కుని కళ్లకు కనబడేవి.

ఇంటర్వ్యూలో ఎక్కువగా తడబడేది అటాచ్‌కీ ఓవర్‌లేకీ తేడా అడిగినప్పుడు. నిర్వచనం బట్టీపట్టకండి, మూడు ఫైళ్లు ఊహించుకోండి: ఆర్కిటెక్ట్ ప్లాన్, స్ట్రక్చరల్ డ్రాయింగ్, ప్లంబింగ్ డ్రాయింగ్. స్ట్రక్చరల్ వాళ్లు ప్లాన్‌ను తమ కింద పెట్టుకున్నారు. మీరు ప్లంబింగ్ ఫైల్లోకి ప్లాన్‌నూ, స్ట్రక్చరల్‌నూ తెచ్చుకున్నారు. వాళ్లు ప్లాన్‌ను అటాచ్ చేసి ఉంటే, స్ట్రక్చరల్ వెంట అది కూడా మీ ఫైల్లోకి నడిచి వస్తుంది. ఓవర్‌లే చేసి ఉంటే, వాళ్ల బీములూ కాలమ్‌లూ మాత్రమే వస్తాయి, వాళ్ల కింది ప్లాన్ వాళ్ల దగ్గరే ఆగిపోతుంది. నలుగురూ ఒకరి ఫైలును ఒకరు వాడుకునే చోట అటాచ్ చేసుకుంటూ పోతే అదీ ఇదీ చుట్టుకుని, ఫైలు తిరిగి తిరిగి తనలోకే వచ్చే పరిస్థితి వస్తుంది. అందుకే ఏది వాడాలో తెలియకపోతే ఓవర్‌లే వాడమని నా సలహా.

రెండో చిక్కు పాత్. మీ కంప్యూటర్లో డి డ్రైవ్ నుంచి ఫుల్ పాత్‌తో తెచ్చుకున్న ప్లాన్, ఫోల్డర్ ఇంకొకరి దగ్గరకు వెళ్లాక కనబడకపోవచ్చు. ప్లాన్ ఉండాల్సిన చోట ఆ ఫైలు పాత్ అక్షరాలు మాత్రం మిగులుతాయి, ఎక్స్‌రెఫ్ పాలెట్‌లో ‘నాట్ ఫౌండ్’ అని వస్తుంది. రిలేటివ్ పాత్ పెట్టుకుంటే ఫోల్డర్ మొత్తంగా ఎక్కడికి కదిలినా అమరిక చెదరదు. 2018 వెర్షన్ నుంచి ఆటోక్యాడే మామూలుగా రిలేటివ్ ఎంచుకుంటుంది. కానీ రెండు ఫైళ్లూ వేర్వేరు డ్రైవుల్లో ఉంటే అది పనిచేయదు.

యూనిట్లు కూడా చూసుకోవాలి. హైదరాబాద్‌లో కూర్చుని అమెరికా భవనాలకు గీసే ఆఫీసుల్లో డ్రాయింగులు అంగుళాల్లో వస్తాయి, మన అలవాటు మిల్లీమీటర్లు. సెట్టింగ్ తప్పితే ప్లాన్ 25.4 రెట్లు తేడాతో వచ్చి కూర్చుంటుంది. చేత్తో స్కేల్ చేసి సరిపెట్టకండి. రెండు ఫైళ్లలోనూ యూనిట్స్ తెరిచి, ఇన్సర్షన్ స్కేల్ చూసి అక్కడే సరిచేయండి.

క్లయింటుకు పంపేటప్పుడు ఈట్రాన్స్‌మిట్ కమాండ్ వాడితే ఎక్స్‌రెఫ్‌లు, ఫాంట్లు, ప్లాట్ స్టైళ్లు అన్నీ ఒకే జిప్‌లోకి వస్తాయి. ఒక్క ఫైలే కావాలంటే బైండ్ చేయాలి, అదీ కాపీ మీదే. పనిచేస్తున్న ఫైలును బైండ్ చేస్తే ఆ క్షణంతో ఆర్కిటెక్ట్ ఫైలుతో లింకు తెగిపోతుంది. వద్దనుకున్న ఎక్స్‌రెఫ్‌ను ఎరేజ్ చేసి వదిలేయడం మరో పొరపాటు. తెర మీద పోయినా జాబితాలో ఉండిపోతుంది, డిటాచ్ చేస్తేనే పూర్తిగా పోతుంది.

ఇదంతా ఒక్క ఆటోక్యాడ్‌కే పరిమితం కాదు. రెవిట్‌లో లింక్ అంటారు, అక్కడా అటాచ్‌మెంట్, ఓవర్‌లే ఉన్నాయి. మైక్రోస్టేషన్‌లో రిఫరెన్స్ అంటారు. ఒకచోట అర్థమైతే మిగతాచోట్ల పేర్లు మాత్రమే కొత్త.

నేర్చుకోవడానికి ఖర్చేమీ లేదు. అర్హత ఉన్న విద్యార్థులకు ఆటోడెస్క్ కంపెనీ ఆటోక్యాడ్‌ను ఏడాది చొప్పున ఉచితంగా ఇస్తుంది. మీ ఇల్లే టేపు పెట్టి కొలవండి. గోడలకు ఒక ఫైలు, కరెంటుకు ఒకటి, నీళ్ల పైపులకు ఒకటి, ఫర్నిచర్‌కు ఒకటి, వీటన్నిటినీ చూపించే షీటుకు ఒకటి. గోడల ఫైలును మిగతావాటిలోకి ఎక్స్‌రెఫ్‌గా తెచ్చుకోండి. అన్నీ ఒకే మూలబిందువు మీద కూర్చోవాలి. తరువాత గోడల ఫైల్లో ఒక తలుపు జరిపి, మిగతా నాలుగూ తెరిచి చూడండి. స్విచ్ బోర్డు తలుపు వెనక్కి పోయిందా? దాన్ని మీరే కనిపెట్టి సరిచేస్తే, ఆఫీసులో మొదటి నెల చేయబోయే పని ఇంట్లోనే చేసినట్టు.

ఇంటర్వ్యూకు వెళ్లేటప్పుడు ఆ అయిదు ఫైళ్లనూ ఈట్రాన్స్‌మిట్‌తో జిప్ చేసి పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళ్లండి. ముందు రోజు స్నేహితుడి కంప్యూటర్లో ఒకసారి తెరిచి, అన్నీ కనబడుతున్నాయో లేదో చూసుకోండి.