లారీ గాలికి సైకిల్ ఊగుతోంది!

ప్రశ్న: మిల్లులో పని. రోజూ మెయిన్ రోడ్డు మీద సైకిల్‌పై వెళ్లొస్తాను. లారీ పక్కనుంచి పోతే సైకిల్ దానివైపు లాగేస్తోంది. రాత్రి షిఫ్టు రోజుల్లో మరీ భయం. ఏం చేయాలి? – ఒక పాఠకుడు, పల్నాడు జిల్లా

జవాబు: మీది ఉత్త భయం కాదండీ. వేగంగా వచ్చే లారీ ముందున్న గాలిని పక్కకు నెడుతుంది. దాటగానే ఆ గాలి వెనక్కి లాగుతుంది. అంటే మొదట బయటికి తోపు, వెంటనే లోపలికి గుంజు. లారీ చప్పుడు వినగానే మోచేతులు కాస్త వంచి హ్యాండిల్ నిలకడగా పట్టుకోండి. బ్రేకు గట్టిగా నొక్కకండి.

చాలామంది తారు అంచు మీదే తొక్కుతారు. అసలు ప్రమాదం అక్కడే. అంచుకు మూరెడు లోపలుంటే ఊగినా సర్దుకునే చోటుంటుంది. చక్రం మట్టిలోకి జారిందా, అలాగే పోనిచ్చి ఆగండి. వెంటనే పైకెక్కబోతే చక్రం అంచుకు తగిలి రోడ్డు మీదకే పడేస్తుంది. ఒడ్లో మొక్కజొన్నలో ఆరబోసిన చోట వెనక్కి చూసి, దిగి నడిపించుకెళ్లండి. ఎదురు వాహనాలు కనబడతాయని కుడివైపు మాత్రం తొక్కొద్దు.

రాత్రికి వెనక ఎర్ర లైటు, ముందు తెల్ల లైటు తప్పనిసరి. మడ్‌గార్డుకు మెరిసే టేపు, ఒంటిమీద లేతరంగు చొక్కా ఉండాలి. హెల్మెట్ కొనండి, సిగ్గేం లేదు.

గాలి లేనప్పుడూ హ్యాండిల్ ఊగితే మెకానిక్‌కు చూపించండి. జాతీయ రహదారి మీద ఇబ్బందికి 1033, ప్రమాదం జరిగితే 108. పడినప్పుడు తలకు దెబ్బ తగిలి, తర్వాత వాంతి, మగత, తలనొప్పి ఉంటే వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.