లాప్‌టాప్ తెర కొట్టుకుంటోందా?

ఇంట్లో ట్యూబులైటు కొట్టుకుంటుంటే మనవాళ్ళు ఏం చేసేవారో గుర్తుందా? ముందు స్టార్టరు తిప్పి చూసేవారు. తరవాత ట్యూబుని రెండు చివర్లా కాస్త కదిపేవారు. అప్పటికీ కుదరకపోతే చోకు మీద అనుమానం. కొత్త ట్యూబు కొనడం ఆఖరి మాట. రోజంతా కోడులో బగ్గులు వెతికే మనం మాత్రం, లాప్‌టాప్ తెర కొట్టుకోవడం మొదలవగానే "స్క్రీను పోయింది, మార్చాలి" అని తీర్పు చెప్పేస్తాం. అమెరికాలో ఆ తీర్పు ఖరీదు వందల డాలర్లు.

నిజానికి తప్పు నాలుగు చోట్ల ఎక్కడైనా ఉండవచ్చు: ఏదో ఒక ప్రోగ్రాములో, గ్రాఫిక్స్ డ్రైవరులో, బోర్డు నుంచి తెరకు వెళ్ళే కేబులులో, లేదా తెరలోనే. వీటిని విడదీయడానికి స్క్రూడ్రైవరు అక్కర్లేదు. ఓ అరగంట తీరిక చాలు.

మొదట లాప్‌టాప్ ఆపేసి, మళ్ళీ ఆన్ చేస్తూ బయాస్ సెటప్‌లోకి వెళ్ళండి. కంపెనీని బట్టి ఎఫ్2 గానీ, ఎఫ్10 గానీ, డిలీట్ గానీ నొక్కాలి. అక్కడ విండోసూ లేదు, దాని డ్రైవరూ లేదు. అక్కడ కూడా తెర కొట్టుకుంటే తప్పు హార్డువేరుదే. పది నిముషాలు నిలకడగా ఉంటే అనుమానం సాఫ్టువేరు వైపు మళ్ళుతుంది.

సాఫ్టువేరయితే ఎవరిది తప్పో తేల్చడానికి మైక్రోసాఫ్టు వారే ఓ చిట్కా చెబుతారు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి టాస్క్ మేనేజరు తెరవండి. మిగతా తెరతోపాటు అదీ కొట్టుకుంటే డ్రైవరుది తప్పు. అదొక్కటీ కదలకుండా ఉండి తక్కినదంతా కొట్టుకుంటే ఏదో ప్రోగ్రాముది తప్పు. డ్రైవరయితే ఈమధ్య అప్‌డేటు ఏమైనా వచ్చిందా చూసి, డివైస్ మేనేజరులో రోల్ బ్యాక్ చెయ్యండి. విండోస్ కీ, కంట్రోల్, షిఫ్ట్, బి కలిపి నొక్కితే గ్రాఫిక్స్ డ్రైవరు మాత్రమే మళ్ళీ మొదలవుతుంది. మెషీను రీబూట్ చెయ్యక్కర్లేదు.

ఇక్కడ ఒక చిత్రమైన కేసు ఉంది. కదలకుండా కూర్చుని ఏదైనా చదువుతుంటే తెర మిణుకుమంటుంది, మౌసు కదపగానే సర్దుకుంటుంది. ఇది చాలాసార్లు పానెల్ సెల్ఫ్ రిఫ్రెష్ అనే ఏర్పాటు వల్ల వస్తుంది. బొమ్మ మారనప్పుడు తెర తన సొంత మెమరీలో ఉన్న ఫ్రేమునే చూపించుకుంటుంది, గ్రాఫిక్స్ చిప్పు ఓ కునుకు తీస్తుంది. బ్యాటరీ ఆదాకి బాగానే ఉంటుంది గానీ, ఆ కునుకులోకి జారేటప్పుడూ లేచేటప్పుడూ కొన్ని మెషీన్లలో తెర తడబడుతుంది. ఇంటెల్ గ్రాఫిక్స్ అయితే వారి సెట్టింగుల ప్రోగ్రాములో, పవర్ విభాగంలో దీన్ని ఆపవచ్చు. లైనక్సు వాడేవారు కెర్నెల్‌కి ఐ915 డాట్ ఎనేబుల్ అండర్‌స్కోర్ పీఎస్సార్ ఈక్వల్స్ 0 అని ఇస్తే సరి.

వెలుతురు బాగా తగ్గించినప్పుడే కళ్ళు లాగుతుంటే అసలది చెడిపోవడమే కాకపోవచ్చు. చాలా తెరల్లో వెలుతురు తగ్గించడమంటే వెనకున్న దీపాన్ని సెకనుకి వందల, వేల సార్లు ఆర్పి వెలిగించడమే. ఫోను కెమెరాలోంచి చూస్తే నల్లటి చారలు కనిపిస్తాయి. వెలుతురు కాస్త పెంచుకోండి, అంతే.

ఇహ హార్డువేరు సంగతి. హెచ్‌డీఎంఐ తీగతో బయటి మానిటరు తగిలించండి. రెండూ కొట్టుకుంటుంటే డ్రైవరో గ్రాఫిక్స్ చిప్పో అనుకోవాలి. బయటిది నిలకడగా ఉంటే తప్పు కేబులుదో తెరదో. అప్పుడు మూతని మెల్లగా, అంగుళం అంగుళం చొప్పున తెరవండి. ఒక కోణంలో బాగుండి మరో కోణంలో కొట్టుకుంటే దాదాపుగా కేబులే. రోజూ మూత తీసి వేసినప్పుడల్లా మడతబందు దగ్గర నలిగేది అదే మరి. 2016లో వచ్చిన 13 అంగుళాల మాక్‌బుక్ ప్రోలో ఈ కేబులు మరీ పొట్టిగా ఉండి తెరలు పాడయ్యాయి. ఆపిల్ వారు 2019 మేలో ఉచితంగా బాగుచేసే పథకం ప్రకటించాల్సి వచ్చింది. 2018 మోడలులో అదే కేబులు 2 మిల్లీమీటర్లు పొడవు పెరిగిందని ఐఫిక్సిట్ వారు కొలిచి చెప్పారు. రెండంటే రెండు మిల్లీమీటర్లు!

మా మిత్రుడొకరికి ఒక రిపేరు షాపులో తెర మొత్తం మార్చాలన్నారు. వీడియో కాల్లో ఆయన చేత మూత తెరిపించి చూశాను. సగం తెరిచేదాకా నిలకడగా ఉండి, తరవాత కొట్టుకోవడం మొదలైంది. కేబులు తెప్పించి వేసుకున్నారు. తెరకి చెప్పిన ధరలో పదో వంతు కూడా కాలేదు.

మీరే విప్పదలుచుకుంటే ఒక్క మాట గట్టిగా చెప్పాలి. ముందు చార్జరు తీసి, లోపల బ్యాటరీ కనెక్టరు ఊడదీసిన తరవాతే తెర కేబులు ముట్టుకోండి. వెనక దీపానికి వెళ్ళే కరెంటు ఆ కేబులులోనే ఉంటుంది. కరెంటు ఉండగా కనెక్టరు పక్కకి జరిగితే బోర్డు మీద ఫ్యూజు కొట్టేస్తుంది. ఇరవై డాలర్ల పని బోర్డు రిపేరు అవుతుంది. బ్యాటరీ ఉబ్బి కనిపిస్తే ఇంకేమీ కదపకండి, ముందు దాని సంగతి చూడాలి. ఆఫీసు లాప్‌టాప్ జోలికయితే అసలు పోవద్దు, ఐటీ వాళ్ళకి ఇచ్చెయ్యండి.

"విప్పితే వారంటీ పోదా?" అని చాలామంది అడుగుతారు. 1975 నాటి మాగ్నుసన్-మాస్ చట్టం ప్రకారం కేవలం విప్పినందుకు వారంటీ రద్దు కాదు. అలాంటి స్టిక్కర్ల గురించి 2018 ఏప్రిల్‌లో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆరు కంపెనీలకి హెచ్చరిక ఉత్తరాలు రాసింది. మీరు విరగ్గొట్టినదానికి మాత్రం మీదే పూచీ. కాలిఫోర్నియాలో 2024 జులై 1 నుంచి మరో చట్టం అమల్లోకి వచ్చింది. 2021 జులై తరవాత వచ్చిన, 100 డాలర్లూ ఆపై ధర ఉన్న పరికరాలకి, తయారీ ఆగిన ఏడేళ్ళ దాకా విడిభాగాలూ మాన్యువళ్ళూ కంపెనీలు అందుబాటులో ఉంచాలి.

ఊళ్ళో నాన్నగారి లాప్‌టాప్ కొట్టుకుంటోందని ఫోనొస్తే ఇంకో కిటుకు ఉంది. ఆయన చేత స్క్రీను రికార్డింగు చేయించి తెప్పించుకోండి. మిణుకు అందులోనూ కనిపిస్తే అది ప్రోగ్రాము గీసిన బొమ్మలోనే ఉంది, మీరిక్కణ్ణించే సరిచేయవచ్చు. రికార్డింగు శుభ్రంగా ఉంటే డ్రైవరో కేబులో తెరో అయివుంటుంది. అప్పుడు పక్కన ఫోను పెట్టుకుని, మూత మెల్లగా తెరవమనండి.