పచ్చి వేపతో తొందర వద్దు

ప్రశ్న: గాలికి పడిన వేపచెట్టును సామిల్లులో పలకలుగా కోయించాను. ఇంట్లోనే పుస్తకాల బీరువా చేసుకోవచ్చా?
– ఒక పాఠకుడు, ప్రజ్ఞాపూర్

జవాబు: చేసుకోవచ్చు, ఇప్పుడే మాత్రం కాదు. పచ్చి చెక్క ఆరేకొద్దీ వంకర పోతుంది, చీలుతుంది. అంగుళం మందం పలకలైతే మధ్యమధ్య పుల్లలు పెట్టి, గాలి ఆడే నీడలో పేర్చి, సుమారు ఏడాది ఆరనివ్వండి. కొసలకు పెయింటు పూస్తే పగుళ్లు తగ్గుతాయి.

అర లోతు 10 అంగుళాలు, ఎత్తు 12 చాలు. పొడవు రెండున్నర అడుగులు దాటనీయొద్దు. లావుపాటి పోటీపరీక్షల గైడ్లు పెడితే రెండడుగులకే ఆగండి, లేదంటే పలక నడుము జారుతుంది. వెనక ప్లైవుడ్ బిగిస్తే బీరువా ఊగదు.

120, ఆపై 220 నంబరు గరుకు కాగితంతో చెక్క గీతల వెంట రుద్ది, సీలర్ వేసి, వార్నిష్ పల్చగా రెండు పూతలు వేయండి. ముసురు రోజుల్లో వద్దు, పూత తెల్లబారుతుంది. వేప చేదని చెదలమందు మానకండి. పైభాగాన్ని గోడకు తప్పక బిగించండి.